బేబ్ రూత్ బయటపడిన కారు ప్రమాదం: గాయాలపై అపోహలు - వాస్తవాలు

1920 జూలైలో ఒక రాత్రి, వాషింగ్టన్ నుంచి న్యూయార్క్‌కు భార్యనూ ముగ్గురు సహచరులనూ వెంటబెట్టుకుని బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ నడుపుతున్న కారు, పెన్సిల్వేనియాలోని వావా అనే ఊరి దగ్గర అదుపు తప్పి బోల్తాపడింది. అతడు మరణించాడని వార్తలు కూడా పుట్టాయి. నిజానికి రూత్ స్వల్ప గాయాలతో బయటపడి, ఆ ఏడాది 54 హోమ్ రన్‌లు (సాధారణంగా బంతిని మైదానం అవతలికి కొట్టి సాధించే పరుగులు) కొట్టాడు. అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యుడిగా ఈ సంగతి తలచుకున్నప్పుడు సంతోషంతోపాటు భయం కూడా కలుగుతుంది. ఇలాంటి అదృష్టాలను చూసి ఏర్పడిన నమ్మకాలతోనే కొందరు మా దగ్గరికి ఆలస్యంగా వస్తారు.

అపోహ: లేచి నడిచాడు, మాట్లాడుతున్నాడు కాబట్టి గండం గడిచినట్లే.

వాస్తవం: రూత్ కారులో ఉన్న కోచ్ చార్లీ ఓలియరీ స్పృహ తప్పి, మళ్లీ తేరుకున్నాడు. అదే ఏడాది ఆగస్టు 16న, రూత్ జట్టుతో జరిగిన ఆటలోనే, క్లీవ్‌లాండ్ ఆటగాడు రే చాప్‌మన్ తలకు బంతి తగిలింది. అతడు లేచి, ఇతరుల సాయంతో కొంతదూరం నడిచి, కూలిపోయాడు. పుర్రె ఎముక విరగడంతో రాత్రి శస్త్రచికిత్స చేసినా తెల్లవారేలోపే మరణించాడు. కణత ఎముక విరిగినప్పుడు దాని లోపలి రక్తనాళం తెగితే, పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య రక్తం చేరుతూ, కొన్ని నిమిషాలో కొన్ని గంటలో రోగి మామూలుగానే కనిపించి, ఆ తర్వాత ఒక్కసారిగా స్పృహ కోల్పోవచ్చు. అందుకే తలనొప్పి పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగతగా ఉన్నా, మాట తడబడినా, ఫిట్స్ వచ్చినా, "నిద్రపోతే తగ్గుతుంది" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. రక్తం పలచబడే మందులు వాడేవారిని ఏ లక్షణమూ లేకపోయినా పరీక్షించాల్సిందే. కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే ప్లీహం అనే అవయవం చిట్లినా ఇదే తీరు: పైకి చుక్క రక్తం కనిపించదు.

అపోహ: వ్యాయామంతో గట్టిపడిన శరీరం దెబ్బను తట్టుకుంటుంది.

వాస్తవం: మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన మరో బేస్‌బాల్ ఆటగాడు రాయ్ కాంపనెల్లా కారు 1958 జనవరిలో న్యూయార్క్ సమీపంలో మంచుమీద జారి, స్తంభాన్ని ఢీకొని తలకిందులైంది. మెడలోని వెన్నుపూసలు దెబ్బతిని, 36 ఏళ్ల వయసులో భుజాల కింది శరీరం చచ్చుబడింది. అతడు మళ్లీ ఆడలేదు. కండబలం వెన్నుపాముకు కవచం కాదు. మెడనొప్పి ఉన్నవారినీ, చేతులు కాళ్లు తిమ్మిరెక్కాయనేవారినీ, మంటలవంటి ముప్పు లేకపోతే లాగి బయటకు తీయకుండా, తలను కదలనీయకుండా పట్టుకుని 108కు ఫోన్ చేయాలి.

అపోహ: సీటు బెల్టు లేకపోతే బయటకు ఎగిరిపడి బతుకుతారు.

వాస్తవం: వాహనంలోంచి విసిరివేయబడినవారికే మరణం ముప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. నడుమునూ ఛాతీనీ పట్టి ఉంచే నేటి బెల్టును వోల్వో ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించగా 1959లో కార్లలోకి వచ్చింది. రూత్‌కు ఆ అవకాశమే లేదు. మనకు వెనుక సీటులోనూ అది ఉంది, చట్టప్రకారం పెట్టుకోవాల్సిందే కూడా.