గోదారికి కోపం తెప్పించిందెవరు?

వరద రోజుల్లో తెలుగు పేపర్ల శీర్షికలు వరసగా పేర్చి చూడండి. 'గోదావరి ఉగ్రరూపం', 'జలదిగ్బంధంలో లంకలు', నాలుగు రోజులయ్యాక 'శాంతించిన గోదావరి'. చదవడానికి బాగానే ఉంటాయి. నేనూ చిన్నప్పట్నుంచీ ఆ మాటల మధ్యే పెరిగాను. కానీ ఆ వాక్యాల్లో కర్త ఎవరు? నది. కోపం వచ్చిందీ దానికే, తగ్గిందీ దానికే. అమ్మవారికి కోపం వస్తే ఇంక ఎవర్ని నిలదీస్తాం? ఏటిగట్టు ఎందుకు జారింది, చేల నీరు బయటికి పోయే డ్రెయిన్లలో పూడిక తీశారా లేదా అని అడగడానికి అక్కడ చోటే లేదు.

ఒక సంగతిలో దేన్ని ముందుకు తేవాలో, దేన్ని పక్కన పెట్టాలో ఎంచుకోవడాన్ని మీడియా పరిశోధకులు ఫ్రేమింగ్ అంటారు. మనం చట్రం అందాం. 1974లో సామాజిక శాస్త్రవేత్త ఇర్వింగ్ గాఫ్‌మన్ ఈ ఆలోచనను విస్తరించి రాశాడు. 1993లో మీడియా పరిశోధకుడు రాబర్ట్ ఎంట్‌మన్ దానికి తేల్చి చెప్పినట్టు ఒక నిర్వచనం ఇచ్చాడు: సమస్య ఏమిటో, కారణం ఎవరో, తప్పొప్పులేమిటో, మందేమిటో చట్రమే సూచిస్తుంది. ఇందుకు అబద్ధం ఆడక్కర్లేదు. ప్రతి ముక్కా నిజమే అయినా మొత్తం చిత్రం ఒక పక్కకి ఒరిగిపోవచ్చు.

మాట మారితే మనసు ఎంత మారుతుందో 1981లో మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్స్కీ, కానమన్ అంకెల్లో చూపించారు. 600 మందిని చంపగల రోగం వస్తోంది, రెండు పథకాలున్నాయి అన్నారు. మొదటిదైతే 200 మంది కచ్చితంగా బతుకుతారు. రెండోది జూదం: అందరూ బతకడానికి మూడింట ఒక వంతు అవకాశం, ఒక్కరూ బతక్కపోవడానికి రెండు వంతులు. నూటికి 72 మంది మొదటిదే మేలన్నారు. ఇంకో గుంపుకి అవే లెక్కలు చావుల భాషలో చెప్పారు. మొదటిదైతే 400 మంది పోతారు అనేసరికి 78 శాతం మంది జూదం వైపు మొగ్గారు. 200 మంది బతికితే మిగతా 400 మంది పోయినట్టేనని ఎవరికి తెలీదు?

మన వరద వార్తకి చట్రం ధవళేశ్వరం. కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక నాటికి సెకనుకి సుమారు 10 లక్షల ఘనపుటడుగుల నీరు, అంటే దాదాపు 2.8 కోట్ల లీటర్లు, సముద్రం వైపు పోతుంటుంది. చాలా అవసరమైన కొలత, కాదనను. అయితే కొన్ని లంకలకు వెళ్లే కాజ్‌వేలు మొదటి హెచ్చరిక రాకముందే మునుగుతాయి. అక్కడివాళ్లకి వరద వచ్చేసింది, వార్తకి ఇంకా రాలేదు. హెచ్చరిక ఉపసంహరించారనగానే వార్త ముగుస్తుంది. అరటితోటలో వేర్లు కుళ్లడం అప్పుడు మొదలవుతుంది.

పైగా డెల్టాలో చేలు మునిగిన ప్రతిసారీ అది గోదారి పనే కాదు. గట్టి వాన పడితే చేలో నీరు డ్రెయిన్లలోకి దిగి, అక్కణ్ణుంచి సముద్రంలో కలవాలి. నేలేమో పల్లం. డ్రెయిన్ నిండా పూడిక, గుర్రపుడెక్క. ఆ సమయానికి సముద్రం పోటు మీదుంటే నీరు కదలదు, సార్వా (ఖరీఫ్) వరి చేను రోజుల తరబడి నీళ్లలో నానుతుంది. ఇందులో ఉగ్రరూపం ఏమీ లేదు. ఫొటోకీ పనికిరాదు.

ఫొటోకి పనికొచ్చేది నడుం లోతు నీళ్లలో మేకపిల్లని ఎత్తుకుని నడిచొచ్చే ఆవిడ. చూసి అయ్యో అంటాం. ఆ వెంటనే ఎవరో ఒకరు అననే అంటారు, "తెలిసీ ఆ లంకల్లో ఎందుకుంటారో!" ఈ రెండో మాట మీద రాజకీయ శాస్త్రవేత్త శాంటో అయ్యంగార్ పరిశోధన ఉంది. టీవీ వార్తలతో ప్రయోగాలు చేసి 1991లో ప్రచురించాడు. పేదరికాన్ని ఒక మనిషి కథగా చూపిస్తే చూసేవాళ్లు బాధ్యత ఆ మనిషి మీదే వేశారు. దేశ పరిస్థితిగా, లెక్కలతో చూపిస్తే సమాజం మీద, ప్రభుత్వం మీద వేశారు. మనిషి ముఖం చూపిస్తే జాలి పుడుతుందని విలేకరి నమ్మకం. జాలి పుడుతుంది గానీ, దాని వెనకే తప్పూ ఆ ముఖానికే అంటుకుంటుంది. లంకలో ఆవిడ ఉండేది మొండితనంతో కాదు. వరద వేసే ఒండ్రే ఆ నేలకి బలం, కూరగాయలూ అరటీ పండేది దాని వల్లే.

ఒక్కోసారి చట్రమంతా ఒక్క మాటలోనే ఇమిడిపోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా వేలాది ఎకరాలు వదిలేశారు. పేరు 'క్రాప్ హాలిడే', పంట విరామం. గిట్టుబాటు కాని ధర, పెరిగిన ఖర్చులు, పారని డ్రెయిన్లు కలిసి తెచ్చిన నిరసన అది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసేదాకా వెళ్లింది. సమ్మె అని ఉంటే ఎదుటి పక్షం ఎవరన్న ప్రశ్న వచ్చేది. విరామం అనేసరికి అలసిపోయి కూర్చున్నట్టుంది. ఇక నాట్లకు వెళ్లే కూలీకి అది విరామమూ కాదు, సమ్మే కాదు. పని లేని కాలం. ఆ కోణానికి పేరే పెట్టలేదు మనం.

జిల్లా పేజీల సంగతీ ఉంది. మా ఊరి డ్రెయిన్ గురించి పేపర్లో వస్తుంది, కానీ మా జిల్లా అనుబంధంలో మాత్రమే. వేరే జిల్లాలో అదే పేపర్ చదివేవాడికి అది కనపడదు. రాష్ట్రంలో తేలాల్సిన విషయం జిల్లా ఫిర్యాదుగా కుదించుకుపోతుంది. ఎవరూ కుట్ర పన్నలేదు, అచ్చు వేసే ఏర్పాటే అలాంటిది.

అలాగని జనం మీడియా ఎలా ఆడిస్తే అలా ఆడరు. చెప్పేవాళ్ల మీద నమ్మకం లేకపోతే చట్రం పనిచెయ్యదని రాజకీయ శాస్త్రవేత్త జేమ్స్ డ్రక్‌మన్ 2001లో చూపించాడు. కళ్లతో చూసే వీలుంటే దాని పట్టు ఇంకా సడలుతుందని నాకనిపిస్తుంది. మద్దతు ధరకి ఆ వీలు లేదు, వరదకి ఉంది. మా వైపు పెద్దవాళ్లు రేవులో నీటి అంచున పుల్ల గుచ్చి వస్తారు, గంటయ్యాక మళ్లీ వెళ్లి చూస్తారు. ఒక సాయంత్రం టీవీలో ఇంకా ఉగ్రరూపమే నడుస్తోంది. రేవు నుంచి వచ్చిన పెదనాన్న కాళ్లు కడుక్కుంటూ, "నాలుగు వేళ్లు తీసిందిరా" అని చెప్పి భోజనానికి కూర్చున్నాడు.