చేపకు కాదు, ముందు నీళ్లకు పరీక్ష

నగల షాపు నడిపే ఒక పాఠకుడు రాశారు: "వాస్తుకు మంచిదంటే షాపులో అక్వేరియం పెట్టించామండీ. ఎనిమిది బంగారు రంగు గోల్డ్‌ఫిష్‌లు, ఒక నల్లది. వారంలో మూడు పోయాయి. అమ్మినతను ఇచ్చిన నీలం మందు వేశాక మిగతావీ ఒక్కొక్కటే పోతున్నాయి. చేప చస్తే మన దిష్టి పట్టుకుపోయినట్టేనని ఇంట్లో అంటున్నారు. అసలేమైంది?"

గోల్డ్‌ఫిష్ అంత తేలిగ్గా చచ్చే ప్రాణి కాదు. ఆక్సిజన్ దాదాపు లేని చల్లటి నీళ్లలో కూడా, ఒంట్లో పుట్టే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి, మొప్పల గుండా వదిలేస్తూ రోజుల తరబడి బతకగలదు. అంత గట్టి ప్రాణి వారంలో పోయిందంటే నేను ముందు అనుమానించేది అమ్మోనియాని.

చేప ఒంట్లోని అమ్మోనియా ఎక్కువగా మొప్పల నుంచే బయటికొస్తుంది. చెరువులో అది కలిసిపోతుంది. గాజుతొట్టెలో పోగవుతుంది. ఫిల్టర్ స్పాంజిలో పెరిగే బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టెలో ఆ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు కావాలి. మనమేమో మొదటి రోజే తొమ్మిది చేపలు వేస్తాం!

ఇక్కడే నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఉంది. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. గుడి దగ్గర జనాన్ని ఊహించుకోండి. చెప్పులున్నవాళ్లు గడప దాటరు, లేనివాళ్లు నేరుగా లోపలికి పోతారు. ఆ చెప్పులే హైడ్రోజన్ అయాన్లు, గడప చేప మొప్ప. హైడ్రోజన్ తగిలించుకున్న అమ్మోనియా అమ్మోనియం అవుతుంది. దానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి మొప్ప పొరలోంచి సులువుగా దూరలేదు. ఉత్త అమ్మోనియా జారుకుంటూ రక్తంలోకి పోతుంది. నీళ్లలో ఈ చెప్పులు ఎంత తగ్గితే పీహెచ్ అనే అంకె అంత పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే వెయ్యి మందిలో చెప్పుల్లేనివాళ్లు ఆరుగురే. పీహెచ్ 8 అయితే యాభై మందికి పైనే. 9 అయితే దాదాపు మూడువందల అరవై. తొట్టెలో మొత్తం అమ్మోనియా అంతే ఉన్నా, అందులో విషం వాటా ఇన్ని రెట్లు పెరుగుతుంది. వేడి పెరిగినా పెరుగుతుంది. అందుకే పీహెచ్ చూడకుండా అమ్మోనియా కిట్ రీడింగ్ ఒక్కటీ చూస్తే సగం సంగతే తెలుస్తుంది.

చేపను తెచ్చే ప్లాస్టిక్ కవర్లోనూ జరిగేది ఇదే. దారిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గుతుంది, అంటే చెప్పులు పుష్కలం. కవర్లో అమ్మోనియా పేరుకున్నా గడప బయటే ఉండిపోతుంది. కవర్ విప్పి అలా ఉంచేశారా, ఆ వాయువు ఎగిరిపోతుంది, పీహెచ్ పెరుగుతుంది, బయట ఆగినవాళ్లంతా చెప్పులు విడిచి లోపలికి తోసుకొస్తారు. కాబట్టి మూతి కట్టిన కవర్‌నే కాసేపు తొట్టెలో తేలనిచ్చి, విప్పిన వెంటనే చేపను మాత్రం మార్చి, ఆ నీళ్లు పారబోయాలి. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీలో సమతాస్థితి (ఇలా రెండు రూపాలు ఒకదాన్లోకి ఒకటి మారుతూ తూగడం) పాఠాన్ని సూత్రాలతో కాక ఈ కవర్‌తో మొదలుపెట్టాలని నా కోరిక.

ఇక నీలం మందు. మిథిలీన్ బ్లూ అన్ని రోగాలకూ మందు కాదు. పైగా ఫిల్టర్‌లో అప్పుడప్పుడే పుడుతున్న ఆ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. వాడాల్సి వస్తే వేరే టబ్బులో వాడాలి.

నిర్ధారణకు నేను మొదట అడిగేది ఒకటే: అన్నీ ఒకేసారి డీలాపడ్డాయా, ఒక్కటేనా? అన్నీ పైకొచ్చి నోరు తెరుస్తుంటే నీళ్లను అనుమానించాలి. రెండు మూడు రోజులు మేత ఆపండి. ఎయిర్ పంపు పెంచండి. మూడో వంతు నీళ్లు మార్చండి. కొళాయి నీళ్లయితే యాంటీ క్లోరిన్ వేశాకే పోయండి. స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. భీమవరం వైపు చేపల రైతులు కూడా అమ్మోనియా పెరిగితే ముందు మేతే తగ్గిస్తారు.

మొప్పలు ఎర్రగా కాక చాక్లెట్ రంగులో ఉంటే అది నైట్రైట్ పని. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. దీనికి కల్లుప్పు, లీటరుకు ఒక గ్రాము చొప్పున, కరిగించి పోయండి. ఉప్పులోని క్లోరైడ్, నైట్రైట్ మొప్పలో ఒకే దారిన పోతాయి. క్లోరైడ్ కిక్కిరిస్తే నైట్రైట్‌కు చోటుండదు.

ఒంటినిండా బొంబాయి రవ్వ చల్లినట్టు చుక్కలుంటే ఇక్ అనే పరాన్నజీవి. అది చర్మం కింద దాక్కుంటుంది కాబట్టి మందు అందదు. అక్కణ్ణుంచి రాలి, అడుగున వందల పిల్లలుగా చీలి, అవి కొత్త చేపను వెతుక్కుంటూ ఈదే ఆ ఒకటి రెండు రోజుల్లోనే మందుకు దొరుకుతాయి. అందుకే చుక్కలు పోయాయని మందు ఆపకూడదు.

మూడు నెలల తర్వాత ఆయన మళ్లీ ఫోటో పంపారు: "మిగిలిన చేపకు తెల్ల చుక్కలొచ్చాయి, టెన్షన్‌గా ఉంది." పెద్దది చేసి చూశాను. చుక్కలు మొప్ప మూతల మీద, ముందు రెక్కల అంచున వరసగా ఉన్నాయి, ఒంటి మీద ఒక్కటీ లేదు. అది రోగం కాదు. మగ చేపకు జతకట్టే కాలంలో వచ్చే బుడిపెలు. మందేమీ వేయొద్దని రాశాను.