డాక్టర్‌గారి ఇండెమ్నిటీ ఉంటే హాస్పిటల్‌కి అంతా కవరేనా? అపోహలు - వాస్తవాలు

వారం క్రితం రాత్రి పదిన్నరకి ఫోన్ మోగింది. గుంటూరు కొత్తపేటలో ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్న డాక్టర్ మేడమ్. పేషెంట్‌ని చూడటానికి వచ్చిన ఒక పెద్దావిడ, తుడిచాక ఇంకా ఆరని మెట్ల మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. కొడుకులు కింద రిసెప్షన్‌లో గట్టిగా మాట్లాడుతున్నారు. ఆ టెన్షన్‌లోనే మేడమ్ అన్నారు: "మనకి యాభై లక్షల ఇండెమ్నిటీ ఉంది కదండీ, అందులో క్లెయిమ్ పెట్టేద్దాం."

అందులో రాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పదహారేళ్లుగా హాస్పిటళ్ల ఇన్సూరెన్స్ పాలసీలు చూస్తున్నాను. ఈ మాట సూర్యారావుపేటలో విన్నాను, కరీంనగర్‌లో విన్నాను, నంద్యాలలో విన్నాను. ఇండెమ్నిటీ అనే ఒక్క పాలసీ హాస్పిటల్ గేటు లోపల జరిగేవన్నీ చూసుకుంటుందని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతున్నారు. నేను చూసిన అపోహల్లో ఎక్కువ డబ్బు పోగొట్టేది ఇదే.

ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ వైద్యానికి సంబంధించినది. రోగ నిర్ధారణ తప్పడం, ఆపరేషన్‌లో పొరపాటు, ఇంజెక్షన్ డోసు, కన్సెంట్ సరిగ్గా తీసుకోకపోవడం, ఇలాంటి వాటిలో నిర్లక్ష్యం జరిగిందని పేషెంట్ పరిహారం అడిగితే అది పలుకుతుంది. పబ్లిక్ లయబిలిటీ అనే వేరే పాలసీ మీ ఆవరణకి సంబంధించినది. బయటి మనిషికి అక్కడ దెబ్బ తగిలినా, వాళ్ల వస్తువు పాడైనా, ఆ తప్పుకి మీరు బాధ్యులైతే అది పలుకుతుంది. ఒకటి లేకపోతే రెండోది ఆదుకుంటుందనుకోకండి. పబ్లిక్ లయబిలిటీ మినహాయింపుల్లో వృత్తిపరమైన సేవల వల్ల జరిగిన నష్టం ఇవ్వమని రాసి ఉంటుంది. ఇండెమ్నిటీ మొదటి పేజీలోనే వృత్తిపరమైన పొరపాటుకి మాత్రమే అని ఉంటుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒక వార్డుని ఊహించుకోమంటాను. మత్తు ఇంకా దిగని పేషెంట్ మంచం మీద నుంచి పడింది, నర్సు పక్క కడ్డీలు పైకి లేపలేదు. అది వైద్య సేవలో లోపం, ఇండెమ్నిటీ. అదే రోజు ఆమె తమ్ముడు తడి మెట్ల మీద జారాడు. అది పబ్లిక్ లయబిలిటీ. అదే మెట్ల మీద బకెట్ మోస్తూ మీ వార్డ్ బాయ్ పడ్డాడు. ఆ రెండు పాలసీలూ అతనికి పనికిరావు, ఎందుకంటే అతను మీ ఉద్యోగి. ఉద్యోగుల నష్టపరిహారానికి వేరే పాలసీ కావాలి, లేదా అతను ఈఎస్ఐలో ఉండాలి. ముగ్గురు పడ్డారు, మూడు దారులు.

అన్ని కేసులూ ఇంత తేలిగ్గా విడిపోవు. కొన్నేళ్ల క్రితం నేను దగ్గరుండి చూసిన కేసు చెబుతాను. ఫిజియోథెరపీకి వచ్చిన ఒక పెద్దాయనని సహాయకుడు నడిపిస్తుండగా గుమ్మం దగ్గర లేచిపోయిన టైలుకి కాలు తగిలి పడ్డారు. ఆ హాస్పిటల్‌కి రెండు పాలసీలూ ఉన్నాయి, కానీ వేర్వేరు కంపెనీల్లో. నడిపించింది మీ సిబ్బందే కాబట్టి ఇది వృత్తి సేవ అని ఒక కంపెనీ, కారణం టైలు కాబట్టి ఇది బిల్డింగ్ సమస్య అని రెండోది. ఏడాదిన్నర పాటు ఉత్తరాలే నడిచాయి. ఆ పెద్దాయన భార్య ప్రతి నెలా వచ్చి రిసెప్షన్ బెంచీ మీద కూర్చునేది. ఆవిడకి ఏం చెప్పాలో హాస్పిటల్ వాళ్లకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. అప్పటి నుంచి రెండూ ఒకే కంపెనీలో, వీలైతే ఒకే ప్యాకేజీలో తీసుకోమని పట్టుబట్టి చెబుతున్నాను. ప్రీమియంలో కొంత తగ్గవచ్చు, అది చిన్న లాభం. ఏ సెక్షన్ కిందికి వచ్చినా జవాబు చెప్పాల్సింది ఒకే కంపెనీ కావడం అసలు లాభం.

ఇక్కడే ఇంకో అపోహ పుడుతుంది. రెండూ కలిపాం కాబట్టి కవరేజీ రెట్టింపు అయిందనుకుంటారు. ప్యాకేజీలో రెండు సెక్షన్లకీ కలిపి ఒకే లిమిట్ ఉంటే జరిగేది దానికి తలకిందులు. ఏడాది మొత్తానికి యాభై లక్షల ఉమ్మడి లిమిట్ ఉందనుకోండి. జూన్‌లో ఒక కాన్పు కేసులో నలభై లక్షలు పోతే, మార్చి దాకా లిఫ్ట్‌కీ మెట్లకీ గుమ్మానికీ మిగిలేది పది లక్షలే. చాలా పాలసీల్లో లాయర్ ఖర్చులు కూడా ఆ లిమిట్‌లోంచే పోతాయి. కాబట్టి కంపెనీ నుంచి ప్రీమియం కోట్ రాగానే ఆ అంకె ఉన్న గడి దగ్గర ఆగిపోకండి. ఏఓఏ (ఒక్క ఘటనకి ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత, ఏఓవై (ఏడాది మొత్తానికి ఇచ్చే గరిష్ఠ మొత్తం) ఎంత, అవి సెక్షన్‌కి విడివిడిగా ఉన్నాయా, ఉమ్మడిగానా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

డాక్టర్ పేరు మీద ఉన్న పాలసీ హాస్పిటల్‌కి కూడా వర్తిస్తుందనేది కూడా ఇంత ఖరీదైన అపోహే. డాక్టర్‌ని పార్టీగా చేర్చకపోయినా హాస్పిటల్‌ మీద కేసు నడుస్తుందని సవితా గార్గ్ కేసులో సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. కోల్‌కతా హాస్పిటల్‌కి సంబంధించిన కునాల్ సాహా కేసులో 2013లో ఇచ్చిన పరిహారం వడ్డీ కాకుండానే దాదాపు ఆరు కోట్లు. అందులో ముగ్గురు డాక్టర్ల వాటా పది, పది, ఐదు లక్షలు. మిగతాదంతా హాస్పిటల్ కట్టింది. అలాంటి తీర్పు వచ్చినప్పుడు డ్యూటీ డాక్టర్ సొంత పాలసీ హాస్పిటల్ సంస్థని ఆదుకోదు. సంస్థ పేరు మీద ఇండెమ్నిటీ ఉండాలి. నర్సులు, టెక్నీషియన్లు, విజిటింగ్ కన్సల్టెంట్లు అందులో ఉన్నారో లేదో చూసుకోవాలి.

రెన్యువల్ గురించి. "ఆపరేషన్ జరిగినప్పుడు పాలసీ ఉంది కదా" అంటారు. మన దగ్గర ఇండెమ్నిటీ పాలసీలు క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో నడుస్తాయి. నోటీసు వచ్చిన రోజున పాలసీ నడుస్తూ ఉండాలి, ఘటన రెట్రోయాక్టివ్ డేట్ (కవర్ వెనక్కి ఏ రోజు నుంచి లెక్కో పాలసీలో రాసే తేదీ) తర్వాత జరిగి ఉండాలి. వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి పేషెంట్‌కి రెండేళ్ల గడువు ఉంది. ఈలోపు రెండు మూడు వేలు తగ్గుతాయని కంపెనీ మార్చి, పాత రెట్రో డేట్ కొత్త పాలసీలో రాయించుకోకపోతే వెనకటి ఏళ్ల కవరంతా పోయినట్టే. పబ్లిక్ లయబిలిటీ కూడా మన దగ్గర ఎక్కువగా ఈ పద్ధతిలోనే ఇస్తారు.

మిగతావి త్వరగా చెబుతాను. 1991 పబ్లిక్ లయబిలిటీ చట్టం పాలసీ, నేను చెబుతున్న పబ్లిక్ లయబిలిటీ ఒకటి కావు. ఆ చట్టం భోపాల్ తర్వాత, ప్రమాదకర పదార్థాలు వాడే సంస్థల కోసం వచ్చింది. జనం కోపంతో అద్దాలు పగలగొడితే ఇండెమ్నిటీ ఇవ్వదు, అల్లర్ల కవర్ ఉన్న ఫైర్ పాలసీ చూడాలి. క్రిమినల్ కేసులో పడే శిక్షకీ జరిమానాకీ ఏ ఇన్సూరెన్సూ లేదు. కమిషన్ నోటీసు వస్తే తర్వాత చూద్దాంలే అని డ్రాయర్‌లో పెట్టకండి. జవాబు దాఖలుకి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. ఆపైన పొడిగించడం కుదరదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020లో తేల్చేసింది.

పెద్దమనుషుల పంచాయితీ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. గొడవ పెద్దదవుతుంటే భయంతో రాత్రికి రాత్రి ఐదు లక్షలు ఇచ్చి కాగితం రాయించుకుంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. బయట యాభై మంది నిలబడి ఉంటే పాలసీ షరతులు ఎవరికీ గుర్తుకు రావు. కానీ కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకున్నా, డబ్బు ఇచ్చినా ఆ సొమ్ము తిరిగి రావడం దాదాపు అసాధ్యం. ముందు కంపెనీకి ఒక మెయిల్ పెట్టండి, అర్ధరాత్రి అయినా సరే. పడిన మనిషికి వైద్యం చేయడం మాత్రం ఆపకండి. వైద్యం చేసినంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

ఆ రాత్రి మేడమ్‌కి చెప్పింది కూడా ఇదే. పెద్దావిడని వెంటనే ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, సీసీటీవీ ఫుటేజీ దాచండి, జరిగింది జరిగినట్టు రాసి పెట్టండి, దేని మీదా సంతకం చేయకండి అన్నాను. కవర్ లేదన్న సంగతి మర్నాడు పొద్దున స్వయంగా వెళ్లి చెప్పాను. ఆపరేషన్ ఖర్చు మేడమ్ సొంతంగా పెట్టుకున్నారు. కొడుకులు అంతకుమించి ఏమీ అడగలేదు. వాళ్లూ భయపడే అరిచారు.

ఇప్పుడు ఇండెమ్నిటీ, పబ్లిక్ లయబిలిటీ విడివిడి లిమిట్లతో ఒకే ప్యాకేజీగా తీసుకుంటున్నారు. నిన్న ప్రపోజల్ ఫారం వచ్చింది. లిఫ్ట్ ఉందా అన్న గడిలో "లేదు" అని ఉంది. పోయిన దసరాకి పెట్టించిన లిఫ్ట్‌లోనే నేను ఆ రోజు మూడో అంతస్తుకి వెళ్లాను. రిసెప్షన్ అమ్మాయి పాత ఫారం చూసి నింపిందట. ఆ ఒక్క గడి దిద్ది, మళ్లీ సంతకం చేసి పంపేదాకా ఫారం కంపెనీకి వెళ్లదని చెప్పాను.