కోరంగి బురదలో ఒక పూట

అమెరికా యూనివర్సిటీల పిల్లలు ఉష్ణమండల జీవశాస్త్రం నేర్చుకోవడానికి విమానమెక్కి కోస్టారికా వెళ్తుంటారు. 1963 నుంచి అక్కడ అదే పని మీద ఒక సంస్థ నడుస్తోంది, లా సెల్వా అని అడవిలో పరిశోధనా కేంద్రం కూడా ఉంది. మేం ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు మా ఉష్ణమండలానికి బస్సులో వెళ్లాం, కాకినాడ దాకా. గోదావరి డెల్టా భూమధ్యరేఖకు సుమారు 17 డిగ్రీలు ఉత్తరాన ఉందని పరీక్షలో రాస్తాం గానీ, ఉక్కపోస్తుందని విసనకర్ర పట్టుకునే సొంత ఊరిని ఉష్ణమండలమని ఎవరనుకుంటారు?

పొద్దున కోరంగి మడ అడవి, మధ్యాహ్నం ద్రాక్షారామం, సాయంత్రం కాజాలు. ఇదీ మా స్టడీ టూర్. 1978లో అభయారణ్యమైన, 235 చదరపు కిలోమీటర్ల అడవికి మేమిచ్చింది రెండు గంటలు. రికార్డులో పదిహేను మొక్కల పేర్లు ఎక్కితే చాలు.

తీరా వెళ్తే సముద్రం పోటు మీదుంది.

"ఇప్పుడెళ్లి ఏం చూస్తారండి నీళ్లు తప్ప? పాటు పట్టి నీళ్లు తీసేదాకా ఆగండి, ఆయ్" అన్నాడు పడవ నడిపే బాబాయ్. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుందనీ, ఆ వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందనీ అక్కడ అందరికీ తెలుసు, మా టూర్ ప్లాన్ వేసినవాళ్లకు తప్ప. ద్రాక్షారామం ఎగిరిపోయింది. భీమేశ్వరుడు ఏమీ అనుకోడనే ధైర్యం.

నీళ్లు తీశాక నల్లటి బురదంతా పెన్సిళ్లు గుచ్చినట్టుంది. అవి మడచెట్ల శ్వాసవేర్లే. వాటి బొమ్మ డిగ్రీ నుంచి గీస్తూనే ఉన్నాం, భాగాలు గుర్తిస్తూనే ఉన్నాం, అయినా మాలో ఒకమ్మాయి "ఈ పుల్లలు ఎవరు పాతారు సార్?" అని అడిగేసింది. అందరం నవ్వాం, నేను కాస్త ఎక్కువే నవ్వాను, ఎందుకంటే అడగబోయింది నేనే.

ఆ బురదలో గాలి ఆడదు. కాలు దించితే వచ్చే కుళ్లిన గుడ్డు కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, ఆక్సిజన్ లేకుండా సల్ఫేటుతో బతికే బాక్టీరియా దాన్ని వదులుతాయి. అందుకే మడచెట్టు వేర్లు పైకి లేస్తాయి. వాటి మీది సన్నటి రంధ్రాల్లోంచి గాలి వెళ్తుంది, నీళ్లు వెళ్లవు. పోటులో మునిగినప్పుడు లోపలి ఆక్సిజన్ ఖర్చయిపోతుంది, వచ్చిన కార్బన్ డయాక్సైడేమో నీటిలో కరిగిపోతుంది, దాంతో వేరులో పీడనం పడిపోతుంది. నీళ్లు తీయగానే బయటి గాలి సర్రున లోపలికి లాగేస్తుంది. 1955లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం ఉప్పుపొన్న జాతి చెట్ల ఊతవేర్ల రంధ్రాలకు గ్రీజు పూసి చూసింది. రెండు రోజుల్లో బురదలోని వేర్లలో ఆక్సిజన్ బాగా పడిపోయింది. ఒక్క గ్రీజు డబ్బా! మా ల్యాబ్‌లో మూలన పడున్న పరికరాలు గుర్తొచ్చి నాకు ఒళ్లు మండింది.

"ఆకు నాకి చూడండి" అన్నారు సార్. మడ ఆకు ఉప్పగా ఉంది, తాగిన ఉప్పును ఆకు మీది గ్రంథుల్లోంచి బయటికి నెట్టేస్తుందట. ఆ హుషారులో ఒకడు పక్క చెట్టు ఆకు తెంపబోతే బాబాయ్ ఒక్క అరుపు అరిచాడు: "అది తిల్లండీ! పాలు కంట్లో పడితే చూపు పోద్ది!"

నీటిపిల్లి (ఫిషింగ్ క్యాట్) కనబడుతుందని అందరికీ ఆశ. ఎక్కువగా రాత్రిళ్లు తిరిగే జంతువు, ముప్పైమంది అరుపుల మధ్యకు పట్టపగలు ఎందుకొస్తుంది?

మిగిలిన టైములో సార్ మీటరు పొడవూ మీటరు వెడల్పూ ఉన్న పైపు చట్రం బురదలో పెట్టించి, వేర్లెన్నో పీత బొరియలెన్నో లెక్కపెట్టమన్నారు. పీతల తవ్వకంతో కూడా బురదలోకి గాలి వెళ్తుంది కదా, మరి వేర్లు ఎక్కువున్నచోట బొరియలూ ఎక్కువుంటాయా? ఒంటిడెక్కతో బెదిరించే మగపీతల మధ్య కూర్చుని నాలుగు చట్రాలు లెక్కపెట్టామో లేదో మళ్లీ పోటొచ్చేసింది. నాలుగింటితో ఏమీ తేలదు. నా చెప్పొకటి అక్కడే ఉండిపోయింది, రికార్డులో పదిహేను పేర్లకు ఏడే ఎక్కాయి, మార్కులూ తెగ్గోశారు.

ఈసారి వెళ్లే బ్యాచ్ ఎవరైనా ఉంటే, కాకినాడ ఆటుపోట్ల వేళలు ఫోన్‌లోనే దొరుకుతాయి, ముందు అవి చూసుకుని ఆ తర్వాతే బస్సు మాట్లాడుకోండి. చట్రాలు మాత్రం ఇరవైకి తగ్గకుండా పెట్టండి.