చిన్న దేశం, పెద్ద సంత: పరిశ్రమకు చేయూత గురించి పిల్లలకు ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. అర కోటి జనాభా ఉన్న దేశం తనకన్నా ఇరవై, ముప్పై రెట్లు పెద్ద దేశాలతో పోటీపడి కొత్త వస్తువులు తయారుచేసి ఎలా అమ్మగలుగుతుంది? అందులో ప్రభుత్వం చేయాల్సిందేమిటి, చేయకూడనిదేమిటి? పారిశ్రామిక విధానం అనగానే పెద్దవాళ్లు రాయితీల గురించి వాదించుకుంటారు. రాయితీ ఎంత ఇచ్చారన్నదానికన్నా, ఏ షరతుతో ఇచ్చారు, ఎప్పుడు ఆపారు అన్నదే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

ముందు ఒక ఊహాలెక్క. ఒక ఫ్యాక్టరీ ఏడాదికి 2,00,000 మోటార్లు చేస్తే తప్ప ఒక్కో మోటారు ఖర్చు ప్రపంచ ధరకు దిగదనుకోండి. దేశంలో అమ్ముడయ్యేవి 15,000 మాత్రమే. దిగుమతి సుంకం పెంచి ఆ ఫ్యాక్టరీని బతికించవచ్చు. కానీ అప్పుడు మోటారు కొనే ప్రతి మిల్లూ ఎక్కువ డబ్బు కట్టాలి, ఆ మిల్లు సరుకు ఖరీదవుతుంది, బయటి సంతలో అదీ ఓడిపోతుంది. ఒక ఫ్యాక్టరీని కాపాడబోయి పదింటిని కుంటివి చేసినట్టవుతుంది. పెద్ద దేశానికి లోపలి సంతే చాలా పెద్దది కాబట్టి సుంకాల చాటున కొన్నేళ్లు నెట్టుకురాగలదు. చిన్న దేశం దాదాపు మొదటి రోజు నుంచే బయట అమ్మాలి. అన్నీ చేసే శక్తి ఉండదు కనుక కొన్నిటినే పట్టుకోవాలి.

ఆ ఎంపిక కంపెనీలకే వదిలేయవచ్చు కదా అని అడుగుతారు. చాలావరకు వదిలేయాలి కూడా. ఒక్క చోట మాత్రం సంత తనంతట తాను సరిగా పనిచేయదు. ఇక్కడ ఇంతవరకు ఎవరూ చేయని వస్తువు ఒకటి చేసి చూడాలని ఒకరు పూనుకున్నారనుకోండి. చేయి కాలితే నష్టమంతా ఆయనదే. గెలిస్తే ఏడాది తిరగకుండా నలుగురు అదే పని మొదలుపెడతారు, ఆయన తర్ఫీదు ఇచ్చిన పనివాళ్లనే ఎక్కువ జీతమిచ్చి తీసుకుపోతారు. దేశానికి దక్కే లాభం పెద్దది, మొదట దిగినవాడికి మిగిలేది చిన్నది. అందుకే మొదట దిగేవాళ్లు తక్కువ. ఆ తేడాను పూడ్చడమే ప్రభుత్వ సాయానికి ఉన్న న్యాయమైన కారణం. ఇప్పటికే నడుస్తున్న వ్యాపారానికి, అందరూ చేస్తున్న పనికి డబ్బు ఇవ్వడానికి ఈ కారణం చెల్లదు.

సాయం ఎలా ఇవ్వాలన్నదానికి ఇజ్రాయెల్‌లో జరిగిన రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూడండి. 1992లో అక్కడి ప్రభుత్వం ఇన్బాల్ అనే పథకం పెట్టింది. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే ఫండ్లకు అది ఒక బీమా. మూలధనంలో 70 శాతం వరకు ప్రభుత్వం హామీ. అంటే 100 పెట్టి మొత్తం పోగొట్టుకున్నా 70 తిరిగొస్తుంది. ఇది పెద్దగా ఫలించలేదు. నష్టానికి కాపు ఉన్నవాడికి కంపెనీని జాగ్రత్తగా ఎంచుకోవాలన్న ఆరాటం తగ్గుతుంది, ఎంచుకున్నదాన్ని పెంచాలన్న పట్టుదలా తగ్గుతుంది.

1993లో యోజ్మా వచ్చింది. 10 కోట్ల డాలర్ల ప్రభుత్వ డబ్బుతో మొదలైన ఈ పథకం లెక్కను తిరగేసింది. పది ఫండ్లకు ఒక్కోదానికి సుమారు 80 లక్షల డాలర్లు, అంటే దాదాపు 40 శాతం, ప్రభుత్వం పెడుతుంది. మిగతా 60 శాతం ప్రైవేటు మదుపుదారులు తేవాలి. వాళ్లలో అనుభవమున్న విదేశీ భాగస్వామి ఒకరు తప్పనిసరి. నష్టానికి ఏ హామీ లేదు. దాని బదులు ఐదేళ్లలోపు ప్రభుత్వ వాటాను అసలు ధరకు వడ్డీ కలిపి కొనేసుకునే హక్కు ఇచ్చారు.

అంకెలు వేసి చూద్దాం. ఫండ్ మొత్తం 200 లక్షలు, అందులో ప్రభుత్వానిది 80, ప్రైవేటువాళ్లది 120. ఐదేళ్లకు ఫండ్ విలువ 600 లక్షలైతే ప్రభుత్వ వాటా విలువ 240. వడ్డీ 20 అనుకుంటే, మదుపుదారులు 100 కట్టి 240 విలువైన వాటా తీసుకుంటారు. అదే విలువ 100కు పడిపోతే వాళ్ల 120 కాస్తా 60 అవుతుంది, ఎవరూ ఆదుకోరు. గెలిచినవాడికి గెలుపు ఇంకా తియ్యగా, ఓడినవాడికి ఓటమి ఓటమిగానే ఉంటుంది. ఇంకో గుణం గమనించండి: పథకం బాగా నడిస్తే ప్రభుత్వం దానంతట అదే బయటికి వచ్చేస్తుంది. చాలా ఫండ్లు ఆ హక్కు వాడుకున్నాయి కూడా. ఆ దేశపు వెంచర్ క్యాపిటల్ రంగం, అంటే కొత్త కంపెనీల్లో నష్టభయానికి సిద్ధపడి పెట్టుబడి పెట్టే వ్యాపారం, నిలబడింది ఇక్కడి నుంచే.

తైవాన్ దారి వేరు. 1973లో ఇట్రీ అనే పారిశ్రామిక పరిశోధన సంస్థను ప్రభుత్వం పెట్టింది. 1976లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్ తయారీ పరిజ్ఞానానికి లైసెన్సు తీసుకుని, యువ ఇంజనీర్లను అక్కడికి శిక్షణకు పంపింది. తీసుకున్నది 7 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) సన్నదనంతో చిప్ మీద గీతలు గీసే పరిజ్ఞానం, అప్పటికే పాతబడినది. నేర్చుకోవడానికి అది చాలు, ఖరీదూ తక్కువ. అందుకే అది తెలివైన ఎంపిక అంటాను. ఇట్రీ నడిపిన పైలట్ (ప్రయోగాత్మక) ప్లాంట్ల నుంచి 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్ కంపెనీలు పుట్టాయి. రెండోదానిలో ప్రభుత్వ వాటా సగానికి కాస్త తక్కువ, ఫిలిప్స్ కంపెనీది 27.5 శాతం. ఇక్కడ అసలు విషయం ప్రయోగశాల భవనం కాదు. పరిశోధకులు సంస్థ వదిలి కంపెనీలోకి వెళ్లడాన్ని అక్కడ నష్టంగా లెక్కపెట్టలేదు. మనుషులు బయటికి వెళ్లని పరిశోధన సంస్థ నుంచి నివేదికలు వస్తాయి, పరిశ్రమలు రావు.

ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడని ఒక విషయం. చిన్న దేశంలో పెట్టే ఖర్చుకు ఎక్కువ ఫలితమిచ్చేవాటిలో పరీక్షల ల్యాబు ఒకటి. మీరు చేసిన విద్యుత్ పరికరం, మందు, ఆహార పదార్థం ఎంత మంచిదైనా, కొనే దేశం నమ్మే పరీక్ష పత్రం లేకపోతే ఓడరేవు దాటదు. స్వదేశంలో అలాంటి ల్యాబు లేని కంపెనీ నమూనాలను విదేశానికి పంపి వారాల తరబడి ఎదురుచూస్తుంది. పరీక్షలో పోతే మార్పు చేసి మళ్లీ పంపాలి. కొత్త వస్తువంటేనే పదిసార్లు మార్చి చూడడం కాబట్టి, ప్రతి మార్పుకూ వారాలు పోతే కొత్తది పుట్టదు. ల్యాబు ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం ప్రకారం గుర్తింపు పొందాలి. గుర్తింపు ఇచ్చే సంస్థ అంతర్జాతీయ పరస్పర అంగీకారంలో సభ్యురాలై ఉండాలి. అప్పుడే ఇక్కడి పత్రానికి అక్కడ విలువ.

ఇలాంటి ల్యాబు చెడేది కూడా ఎప్పుడూ ఒకేలా చెడుతుంది. బడ్జెట్‌లో యంత్రానికి డబ్బు ఇస్తారు, దాని కాలిబ్రేషన్‌కు (కొలత సరిగ్గా ఉందో లేదో తేల్చే పనికి), సరిచూసుకునే ప్రామాణిక నమూనాలకు, టెక్నీషియన్ జీతానికి ఇవ్వరు. కాలిబ్రేషన్ గడువు దాటితే గుర్తింపే పోవచ్చు, ఖరీదైన యంత్రం గుడ్డ కప్పుకుని కూర్చుంటుంది. యంత్రం కొన్న రోజే ఏటా దాని నిర్వహణకు ఎంత, ఎవరు కడతారు అని రాసి ఉండాలి.

విదేశీ కంపెనీలను పిలవడం వేగంగా ఉద్యోగాలు తెస్తుంది. కానీ ఐర్లండ్‌లో టెలిసిస్ అనే సలహా సంస్థ ఇచ్చిన 1982 నాటి నివేదిక ఆ పద్ధతి మీద అతిగా ఆధారపడ్డారని చెప్పింది: ఫ్యాక్టరీలు వచ్చాయి, చుట్టూ ఉన్న స్థానిక కంపెనీలతో వాటికి సంబంధం లేదు. 1985లో అక్కడ అనుసంధాన కార్యక్రమం మొదలైంది. పెద్ద కంపెనీకి ఏ భాగాలు కావాలో కనుక్కుని, వాటిని చేయగల స్థానిక సంస్థలను ఎంచి, నాణ్యతలో ఎక్కడ వెనకబడ్డాయో చూసి సరిదిద్దడం దాని పని. ఆ తీరు ఓపికతో కూడిన పనిని పన్ను తగ్గింపు చేయలేదు. కోస్టారికాలో చిప్ కంపెనీ ఇంటెల్ తన అసెంబ్లీ (చిప్‌లను కూర్చే) పనిని ఆసియాకు తరలిస్తున్నట్టు 2014లో ప్రకటించింది. ఇంజనీరింగ్ కేంద్రం మాత్రం అక్కడే ఉండిపోయింది. చవక కోసం వచ్చిన పని చవక కోసమే పోతుంది, నైపుణ్యం కోసం వచ్చింది అంత తేలిగ్గా కదలదు.

గెలిచిన తర్వాత కూడా పని ఉంటుంది. చిలీలో సాల్మన్ చేపల పెంపకం గొప్పగా ఎదిగింది. ఒకరిని చూసి ఒకరు దిగారు. బోనుల మధ్య దూరానికి, చేపల సాంద్రతకు, రోగాల నిఘాకు గట్టి నిబంధనలు మాత్రం ఆలస్యమయ్యాయి. 2007లో సాల్మన్లకు సోకే ఐఎస్ఏ వైరస్ వచ్చి కొన్నేళ్లు పరిశ్రమ కుప్పకూలింది. ఎదుగుదలకు సాయం చేసిన చేయే దాని హద్దులూ చూసుకోవాలి. సింగపూర్ 1979లో చవక శ్రమ నుంచి బయటపడాలని వేతనాలు వేగంగా పెంచే విధానం పట్టింది. 1985లో మాంద్యం వచ్చింది. మరుసటి ఏడాది యజమానులు భవిష్యనిధికి కట్టే వాటాను 25 శాతం నుంచి 10కి తగ్గించి ఖర్చు దింపారు. నొప్పి కలిగించిన నిర్ణయమే అయినా, అంత త్వరగా మార్చుకోగలగడం చిన్న దేశానికున్న ఒక అరుదైన బలం.

ఇక ఆపడం గురించి. సాయం అందుకునే కంపెనీ పెద్దదయ్యేకొద్దీ దాని మాటకు బలం పెరుగుతుంది, సాయం ఆపడం కష్టమవుతుంది. అందుకే ముగింపు తేదీ మొదటి ఉత్తర్వులోనే ఉండాలి. డబ్బు ఒకేసారి కాకుండా విడతలుగా, ఒక్కో మెట్టు ఎక్కాక ఇవ్వాలి. ఖర్చులో సగమైనా కంపెనీ తన జేబులోంచి పెట్టాలి. గెలిస్తే అమ్మకాల మీద కొంత తిరిగి కట్టాలి. కొలత ఎన్ని ఉద్యోగాలు ఇస్తామన్నారన్నది కాదు. బయటి కొనుగోలుదారు డబ్బిచ్చి కొన్నాడా, ఒక్కో కార్మికుడి ఉత్పాదకత పెరిగిందా అన్నది. ఎగుమతి జరిగినంత మేరకు డబ్బిస్తామనే రాయితీ ప్రపంచ వాణిజ్య సంస్థ నియమాల ప్రకారం సాధారణంగా నిషిద్ధం కాబట్టి, ఎగుమతిని కొలతగా వాడేటప్పుడు ఉత్తర్వు భాష జాగ్రత్తగా రాయాలి.

ఇంకో మాట. ఏ పథకంలోనైనా ఒక్క ప్రాజెక్టూ విఫలం కాలేదని నివేదిక చెబితే అనుమానించండి. ఎలాగూ నిలిచే కంపెనీలకే డబ్బు ఇచ్చారన్నమాట, లేదా ఓడినవాటిని ఇంకా మోస్తున్నారన్నమాట. రేపు మీరు ఒక పరిశ్రమల పథకం కాగితాలు చదివితే మొత్తం ఎన్ని కోట్లో చూసి ఆగిపోకండి. లబ్ధిదారుల పేర్లు ప్రకటించారా, మధ్యలో ఎన్ని ప్రాజెక్టులను ఆపేశారు, ఎవరు ఎంత తిరిగి కట్టారు అని వెతకండి. ఆ మూడు పట్టికలూ లేకపోతే, ఎందుకు లేవో రాతపూర్వకంగా అడగండి.

ప్రేమతో,
మీ తాతయ్య