వేటకు పుట్టి పడకగదికి చేరిన తుపాకి

గ్రీన్‌కార్డు చేతికొచ్చిన నెలలోనే ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. టెక్సస్‌లో ఊరి చివర కొత్తగా ఇల్లు కొన్నాడు. రెండు వీధుల అవతల తెలిసినవాళ్ల ఇంట్లో దొంగలు పడి, ఉన్న బంగారమంతా ఊడ్చుకుపోయారట. "అన్నా, ఇంట్లో ఒక తుపాకి పెట్టుకుందాం అనుకుంటున్నాం. షాపులో పంప్ షాట్‌గన్ తీసుకోమంటున్నారు. పక్షుల వేటకి, నేర్చుకోవడానికి, ఇంటి కాపలాకి, అన్నిటికీ అదొక్కటే చాలంట. నిజమేనా?" అని అడిగాడు.

నిజమే. కానీ "అన్నిటికీ ఒక్కటే" అనే ఆ మాట వెనక నూట ముప్పై ఏళ్ల కథ ఉంది. ఆ కథ తెలిస్తే ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్న చిన్నదైపోతుంది. దాంతో ఎంత సాధన చేస్తావన్న ప్రశ్న పెద్దదవుతుంది.

అతని భయం ఊహ కాదు. 2010ల తొలి సంవత్సరాల్లో జార్జియా, న్యూయార్క్, ఒహాయో, మిచిగన్, టెక్సస్ రాష్ట్రాల్లో ఆసియా కుటుంబాల ఇళ్లను ఏరుకుని ఒక ముఠా దోచింది. వాటిలో భారతీయుల ఇళ్లు చాలా ఉన్నాయి. ముఠా నాయకురాలికి 2019లో మిచిగన్‌లోని ఫెడరల్ కోర్టు 37 ఏళ్ల జైలుశిక్ష వేసింది. ఇంట్లో బంగారం దాచుకునే మన అలవాటు దొంగలకు కూడా తెలుసు.

తుపాకి మాత్రం మనకు కొత్త. మన ఊళ్లలో మామూలు మనిషి తుపాకిని దగ్గరగా చూసేది బ్యాంకు గుమ్మం దగ్గరే. స్టూలు మీద కూర్చున్న గార్డు ఒడిలో పాత డబుల్ బ్యారెల్ ఉంటుంది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు దొరకడమే కష్టం. దొరికినా ఎన్నికలు వచ్చాయంటే తీసుకెళ్లి పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావాలి. అందుకే అమెరికాలో దుకాణం అద్దాల వెనక వరసగా నిలబెట్టిన తుపాకులను చూస్తే మనవాళ్లకు పాలుపోదు. అక్కడ పుట్టి పెరిగినవాడికి ఆ వరసలో తాత వేట తుపాకి కనిపిస్తుంది. మనకు కనిపించేది వస్తువే, దాని వెనక కథ కాదు.

ఆ తాతల కాలం నుంచే మొదలుపెడదాం. షాట్‌గన్‌లను గొట్టం లావును బట్టి పన్నెండు బోరు, ఇరవై బోరు అంటారు. పన్నెండు బోరు అనే పేరుకు అర్థం ఇది: ఒక పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టేంత గొట్టం అన్నమాట. సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఇరవై బోరుకు ఇరవై గుండ్లు పోస్తారు కాబట్టి గొట్టం సన్నం. బోరు సంఖ్య పెరిగేకొద్దీ తుపాకి చిన్నదవడం మొదట వింతగా ఉంటుంది కానీ, లెక్క ఇంతే. షాట్‌గన్ తూటాలో మామూలుగా ఒక్క గుండు ఉండదు, చిన్న చిన్న గుళ్లు ఉంటాయి. పిట్టలకైతే ఆవగింజలంత సన్నవి వందల కొద్దీ. జింకలకు వాడే బక్‌షాట్‌లో, డబుల్-ఆట్ అనే రకమైతే, ఒక్కోటి ఎనిమిది మిల్లీమీటర్లకు పైగా ఉండే గుళ్లు ఎనిమిదో తొమ్మిదో. తూటా మారిస్తే తుపాకి పని మారిపోతుంది. "అన్నిటికీ ఒక్కటే" అన్న మాటకు మొదటి కారణం ఇదే.

పంప్ అంటే గొట్టం కింద ఎడమ చేత్తో పట్టుకునే పిడి. దాన్ని వెనక్కి లాగితే కాలిన తూటా బయటికి ఎగురుతుంది, ముందుకు తోస్తే కొత్తది ఛాంబర్‌లోకి, అంటే తూటా పేలే అరలోకి ఎక్కుతుంది. క్రిస్టఫర్ స్పెన్సర్ అనే అమెరికన్ 1880లలోనే ఇలాంటి తుపాకి చేసి అమ్మాడు. దాన్ని ఇంటింటి వస్తువు చేసినవాడు మాత్రం యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్ పట్టణపు జాన్ బ్రౌనింగ్. వించెస్టర్ కంపెనీ అప్పట్లో కింద లీవరు తిప్పే తుపాకులకు పేరుమోసింది. షాట్‌గన్ కూడా అలాగే కావాలని వాళ్లు అడిగితే బ్రౌనింగ్ 1887లో చేసిచ్చాడు. పంప్ అయితే ఇంకా బాగుంటుందన్న తన అభిప్రాయాన్ని మాత్రం వదల్లేదు. 1893 మోడల్, దాన్ని గట్టిపరిచిన 1897 మోడల్ అలా వచ్చాయి. ఆ 1897 మోడల్ 1957 దాకా తయారైంది. పది లక్షలు దాటింది. బాతులు, పావురాలు, కుందేళ్లు, ఇవే దాని లోకం.

మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం దీని గొట్టాన్ని పొట్టి చేసి, పైన వేడి తగలకుండా చిల్లుల రేకు తొడిగి, చివర బాయొనెట్ తగిలించి ఫ్రాన్స్‌కు పంపింది. మలుపు తిరిగితే శత్రువు ఎదురుగా ఉండే కందకాల్లో దీనికి సాటి లేదు. 1918 సెప్టెంబరులో జర్మనీ ఏకంగా దౌత్య నిరసన తెలిపింది. ఇది అనవసరమైన బాధ కలిగించే ఆయుధమని, పట్టుబడిన సైనికుల దగ్గర ఇది కనిపిస్తే ప్రాణాలకు పూచీ లేదని హెచ్చరించింది. అమెరికా విదేశాంగ మంత్రి రాబర్ట్ లాన్సింగ్ దాన్ని తోసిపుచ్చాడు. అక్కడే ఇంకో చిన్న సంగతి ఉంది. అప్పటి తూటాల ఒంటికి కాగితం గొట్టాలు ఉండేవి. కందకాల బురదలో అవి నానిపోయి ఉబ్బితే తుపాకిలోకి దూరేవి కావు. ఇత్తడి తూటాలు చేయించాల్సి వచ్చింది. వేటకు సరిపోయిందల్లా కాపలాకు నేరుగా సరిపోదని తెలియజెప్పిన తొలి పాఠం అదే అనుకుంటాను.

యుద్ధం ముగిశాక పొట్టి గొట్టం గూండాల చేతికి చిక్కింది. 1934 నాటి నేషనల్ ఫైర్ఆర్మ్స్ యాక్ట్ పద్దెనిమిది అంగుళాల కన్నా పొట్టి గొట్టమున్న షాట్‌గన్‌లను రిజిస్ట్రేషను కిందికి తెచ్చి, 200 డాలర్ల పన్ను వేసింది. ఆ రోజుల్లో అది తుపాకి ధరను మించిన పన్ను. ఇవాళ ఇంటి కాపలా మోడళ్ల గొట్టాలు చాలావరకు పద్దెనిమిది, పద్దెనిమిదిన్నర అంగుళాల దగ్గరే ఎందుకు ఆగుతాయంటే, ఆ చట్టం గీసిన గీత అది. ఏ ఇంజనీరో తూచి చెప్పిన కొలత కాదు.

ఆ మరుసటి ఏడాది, 1935లో, ఇంకో నిబంధన వచ్చింది. వలస పక్షులు తరిగిపోతున్నాయని, వాటి వేటకు వాడే తుపాకిలో మూడు తూటాలకు మించి పట్టకూడదన్నారు. ఇప్పటికీ వేట మోడల్ కొన్నవాళ్లు గొట్టం కింద తూటాలు నింపే మ్యాగజైన్ మూత విప్పితే లోపల వేలెడు లావున కర్రపుల్ల ఒకటి కనిపిస్తుంది. తూటాలు ఎక్కువ పట్టకుండా అడ్డం పెట్టింది. ఇంటి కాపలాకని కొనుక్కుని, ఐదు పట్టాల్సిన చోట రెండే పడుతున్నాయేమిటని తికమకపడేవాళ్లు ఎందరో. ఆ పుల్ల బాతుల కోసం.

1950లో రెమింగ్టన్ కంపెనీ 870 మోడల్ తెచ్చింది. వించెస్టర్ వాళ్ల మోడల్ 12 అందమైన తుపాకే. కానీ దాని భాగాలన్నీ తొలిచి, రాకి, చేత్తో అమర్చేవాళ్లు, అందుకే ఖరీదు. రెమింగ్టన్ ఒంటిని గట్టి ఉక్కులోనే ఉంచి, లోపలి ముక్కలు చాలావాటిని అచ్చుల్లో కొట్టించింది. ధర పడిపోయింది. గొట్టాన్ని ఇంట్లోనే నిమిషంలో విప్పి వేరేది బిగించుకోవచ్చు, పొద్దున బాతులకు ఇరవై ఎనిమిది అంగుళాలది, రాత్రికి పద్దెనిమిదిది. "ఒక్కటి చాలు" అనడానికి ఇది రెండో కారణం. 2009 నాటికి కోటి తుపాకులు తయారయ్యాయి. 1960ల మొదట్లో వచ్చిన మాస్‌బర్గ్ 500 ఇంకా చవక, అల్యూమినియం ఒళ్లు, తేలిక. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట దానికి తుపాకి వీపు మీద, బొటనవేలి కింద ఉంటుంది. 870కి ట్రిగ్గర్ వెనక పక్కనుంచి నొక్కాలి. ఎడమచేతి వాటం వాళ్లకు మాస్‌బర్గే నయం. ఈ రెండింటిలో ఏది గొప్పదన్న వాదన ఎప్పటికీ తెగదు. నేను మాత్రం కొనేవాడి చేయి ఎటు వాటమో, జబ్బ ఎంత పొడుగో అడుగుతాను.

ఆ మాట ఊరికే అనడం లేదు. ఈ తుపాకుల బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, చివర నుంచి ట్రిగ్గర్ దాకా దూరం మామూలుగా పద్నాలుగు అంగుళాల దరిదాపు. కోటు తొడుక్కున్న ఆరడుగుల వేటగాడికి కుదిరిన కొలత. ఐదడుగుల నాలుగంగుళాల మన అమ్మాయికి అది భుజం మీద కుదురుకోదు. చేయి చాచుకుని, నడుము వెనక్కి వంచి నిలబడాల్సి వస్తుంది. పన్నెండు బోరు దెబ్బ అలా నిలబడినవాళ్లను వెనక్కి నెట్టేస్తుంది. భర్త ఎంచి తెస్తాడు, ఆమె ఒక్కసారి పేల్చి భుజం కమిలి ఇక ముట్టుకోనంటుంది. ఇంట్లో ఇద్దరూ వాడాల్సినదైతే ఇద్దరిలో పొట్టివాళ్ల కొలతకే కొనాలి. ఇరవై బోరు, పొట్టి బట్ ఉన్న మోడళ్లు అందుకే ఉన్నాయి.

సాధన సంగతి ఇంకా ముఖ్యం. పంప్ దానంతటది తిరగదు, మనిషే తిప్పాలి. కంగారులో చేయి పూర్తిగా వెనక్కి రాదు, సగంలోనే ముందుకు తోసేస్తారు. ఖాళీ తూటా బయటికి పడదు, కొత్తది ఎక్కదు, ట్రిగ్గర్ నొక్కితే "టిక్" అంటుంది. శిక్షణలో ఇది రోజూ కనిపించే తప్పే. నేర్పేవాళ్లు మందు లేని ఉత్తుత్తి తూటాలు నింపి ఇచ్చి, పిడి వెనక అంచుకు కొట్టుకునేదాకా లాగు, లాగు అంటూ పదేపదే చేయిస్తారు. పదో తూటా దగ్గరకు వచ్చేసరికి ఎడమ జబ్బ లాగుతుంది. అప్పుడు చేయి నేర్చుకోవడం మొదలవుతుంది. పోలీసులకు కూడా ఈ ఇబ్బంది ఉంది. దశాబ్దాల పాటు గస్తీ కార్లలో ఈ తుపాకే ఉండేది. దానికి తోడు 1997 ఫిబ్రవరి 28న లాస్ ఏంజెలెస్ నార్త్ హాలీవుడ్‌లో కవచాలు తొడుక్కున్న బ్యాంకు దొంగల ముందు పోలీసుల పిస్తోళ్లు, షాట్‌గన్‌లు తేలిపోయాక, గస్తీ కార్లలోకి రైఫిళ్లు ఎక్కాయి.

ఇళ్లలో మాత్రం దాని పేరు చెక్కుచెదరలేదు. అందుకు సగం కారణం చప్పుడు. పిడి లాగిన శబ్దం వింటేనే దొంగ పారిపోతాడని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఇంకో నమ్మకం, గుళ్లు చెదురుతాయి కాబట్టి గురి అక్కర్లేదని. రెండూ ప్రమాదమే. గది అడ్డంలో గుళ్లు గుప్పెడంత చోటులోనే పడతాయి. గురి తప్పితే అన్నీ తప్పుతాయి. తప్పినవి ఎక్కడికి పోతాయి? అమెరికా ఇళ్ల లోపలి గోడలు మన ఇటుక గోడలు కావు. చెక్క నిలువులకు రెండు వైపులా జిప్సం పలకలు కొట్టినవి. బక్‌షాట్ వాటిని దాటి పిల్లల గదిలోకి పోతుంది.

చట్టం వైపు చూస్తే, 2008లో అమెరికా సుప్రీంకోర్టు హెల్లర్ కేసులో ఆత్మరక్షణకు ఇంట్లో తుపాకి ఉంచుకోవడం హక్కేనని తేల్చింది. వాషింగ్టన్ నగరం అప్పటిదాకా ఇంట్లోని షాట్‌గన్‌ను కూడా విప్పి గానీ, తాళం వేసి గానీ ఉంచాలని శాసించేది. ఉంచుకునే హక్కు వేరు, పేల్చే హక్కు వేరు. 2013 నవంబరులో డెట్రాయిట్ పక్కన డియర్‌బార్న్ హైట్స్‌లో, తెల్లవారకముందు తలుపు బాదిన 19 ఏళ్ల అమ్మాయిని ఇంటాయన షాట్‌గన్‌తో కాల్చాడు. ఆమె దగ్గర ఆయుధం లేదు. భయంతో కాల్చానన్న ఆయన మాటను జ్యూరీ ఒప్పుకోలేదు. హత్యా నేరం చేశాడని తేల్చింది, ఆయన జైలుకు వెళ్లాడు. నా మిత్రుడికి నేను ఈ కేసే ముందు చెప్పాను.

మనవాళ్లు చాలామందికి తెలియని ఇంకో సంగతి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. 1998 నుంచి ఉన్న నిబంధన ఇది. తమ్ముడిది గ్రీన్‌కార్డు, అదే ఇంట్లో ఉంటున్న బావగారిది హెచ్1బీ అయితే తాళం ఎవరి దగ్గర ఉందన్నది కూడా ప్రశ్నే.

తాళం అంటే పిల్లలు కూడా. ఈ తుపాకుల్లో చాలావాటికి సేఫ్టీ ట్రిగ్గర్‌ను మాత్రమే ఆపుతుంది, తూటాను కొట్టి పేల్చే లోపలి పిన్నును కాదు. తూటా ఛాంబర్‌లో ఉండగా గట్టిగా కింద పడితే పేలే అవకాశం ఉంది. అందుకే ఛాంబర్ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. 1989లో ఫ్లోరిడా మొదలుపెట్టిన పిల్లల రక్షణ చట్టాలు ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. మిచిగన్‌లో 2024 ఫిబ్రవరి నుంచి, పిల్లలు వచ్చిపోయే ఇంట్లో తుపాకిని తాళంలో పెట్టి తీరాలి. తుపాకికి నాలుగు వందల డాలర్లు పెట్టి, పెట్టెకు వంద పెట్టడానికి వెనకాడేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

మిత్రుడు ఇంకా కొనలేదు. ముందు భార్యాభర్తలిద్దరూ ఒక రేంజ్‌లో క్లాసుకు వెళ్తున్నారు. అద్దెకిచ్చిన పాత 870 ఫొటో పంపాడు. నల్లపూత అరిగిన గొట్టం మీద ఎడమ పక్కన "ఇలియన్, న్యూయార్క్" అని చెక్కి ఉంది. 1816లో ఎలిఫలెట్ రెమింగ్టన్ మొదటి గొట్టం చేసిన చోటికి దగ్గర్లోనే వెలసిన ఫ్యాక్టరీ ఊరు అది. కంపెనీ రెండుసార్లు దివాళా తీసి చేతులు మారింది. 2024 మార్చిలో ఇలియన్ ఫ్యాక్టరీకి తాళం పడింది. ఫొటో కింద అతను రాసింది ఒక్కటే: "ఆవిడకి బట్ పొడుగైంది, ఇరవై బోరు పొట్టిది అడిగాం."