శెట్టిహళ్లి చర్చి నీళ్లలోకి ఎలా వచ్చింది

ఆగస్టులో తీసిన ఫోటోలో నీళ్లలోంచి పైకి లేచిన కమానులు కనిపిస్తాయి. ఫిబ్రవరిలో తీసిన ఫోటోలో అదే గోడల చుట్టూ ఎండిన బురద నేల. కర్ణాటకలో హాసన్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న శెట్టిహళ్లి జపమాల మాత చర్చికి సోషల్ మీడియాలో ఇంత పేరు రావడానికి ఈ రెండు రకాల ఫోటోలే కారణం. ఏ రాజుల కాలంలోనో పాడుపడిన కట్టడం అనుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. కానీ ఇది అంత పాత శిథిలం కాదు. దీని చుట్టూ ఊరు ఉండగా చూసినవాళ్లు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు. ఊరిని ఖాళీ చేయించింది హేమావతి ఆనకట్ట.

ముందు కట్టిన సంగతి. ఇంటర్నెట్‌లో చాలాచోట్ల ఈ చర్చిని ఫ్రెంచి మిషనరీ అబ్బే దుబోయ్ కట్టించాడని రాస్తున్నారు. అదే వాక్యంలో 1860లలో కట్టారని కూడా రాస్తున్నారు. రెండూ పొసగవు. దుబోయ్ 1792లో ఇండియాకు వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం శత్రువుల చేతికి చిక్కాక మైసూరు ప్రాంతంలో చెల్లాచెదురైన క్రైస్తవులను కూడగట్టాడు, మశూచి టీకాలు వేయించాడు, 1823లో తిరిగి ఫ్రాన్స్ వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. 1848లో చనిపోయాడు. కాబట్టి హాసన్ ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలు కుదురుకోవడంలో ఆయన పాత్ర ఉందనవచ్చు గానీ, ఈ గోడలు మాత్రం ఆయన తర్వాతి తరం ఫ్రెంచి గురువుల పని. అప్పటికే, అంటే 1850లో, మైసూరు మిషన్ (ఆ ప్రాంతపు క్యాథలిక్ సంఘం) పుదుచ్చేరి నుంచి విడిపోయి సొంత బిషప్పును తెచ్చుకుంది. ఊళ్లలో పెద్ద చర్చిలు లేచిన కాలం అది. ఆలూరు, సకలేశపుర వైపు తోటలున్న తెల్లదొరలు కూడా ఆదివారాలు ఇక్కడికే వచ్చేవారని చెబుతారు.

కట్టడం గోథిక్ శైలిలో ఉంటుంది. కొనదేలిన కమానులు, ఎత్తైన సన్నని కిటికీలు, బలిపీఠం వైపు గోడ చదునుగా కాకుండా వంపు తిరిగి ఉండటం దీని గుర్తులు. అర్ధచంద్రాకారపు కమాను కంటే కొనదేలిన కమాను బరువును నిటారుగా కిందికి దించుతుంది, పక్కలకు తక్కువగా తోస్తుంది. అందుకే గోడలను ఎత్తుగా లేపి కిటికీలు పెద్దవి పెట్టగలిగారు. యూరప్‌లో ఈ పని ఎక్కువగా రాతితో చేశారు. ఇక్కడ చేసింది ఇటుక, సున్నంతో. పైన సున్నం పూత పూస్తే దూరం నుంచి రాయిలాగే కనిపిస్తుంది. పూత రాలిన ప్రతిచోటా ఇప్పుడు ఎర్ర ఇటుక బయటపడి ఉంది.

సున్నంలో బెల్లం, కోడిగుడ్లు కలిపారని, అందుకే ఇన్నేళ్లు నిలిచిందని గైడ్లు చెప్పే కథ ఉంది. దక్షిణాదిలో పాత మేస్త్రీలు సున్నంలో ఈ రెండూ కలపడం నిజమే, మన దగ్గర కూడా. బెల్లం వల్ల సున్నం పని చేయడానికి అనువుగా ఉంటుంది, గుడ్డు సొన పూతకు నునుపునిస్తుంది. అంతమాత్రాన నీళ్లకు లొంగని గోడ తయారైపోదు.

ఇక నీళ్ల సంగతి. హేమావతి చిక్కమగళూరు జిల్లా కొండల్లో పుట్టి కావేరిలో కలుస్తుంది. కావేరి మీద మైసూరు, మద్రాసు ప్రభుత్వాలు 1924లో చేసుకున్న ఒప్పందానికి యాభై ఏళ్లలో, అంటే 1974లో, పునఃపరిశీలన జరగాలి. ఆ గడువు దగ్గరపడుతుండగా కర్ణాటక కావేరి ఉపనదుల మీద ప్రాజెక్టులు మొదలుపెట్టింది. హారంగి, కబిని, హేమావతి ఆ కాలానివే. తమ అనుమతి లేకుండా కడుతున్నారని తమిళనాడు అడ్డుచెప్పింది. ఆ గొడవ పెరిగి పెరిగి 1990లో ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఈలోపు గొరూరు దగ్గర ఆనకట్ట 1979కి పూర్తయింది. నిల్వ సామర్థ్యం సుమారు 37 టీఎంసీలు. రెండు రాష్ట్రాల వాదనల్లో ఎక్కడ చూసినా టీఎంసీలు, ఎకరాలే. మునిగే ఊళ్ల మాట ఆ లెక్కల్లో ఎంత వినబడిందో ఊహించుకోవచ్చు.

ముంపు గ్రామాల్లో శెట్టిహళ్లి ఒకటి. జనం కొత్త చోట్లకు వెళ్లిపోయారు. విచారణ (పారిష్) అంటే చర్చి గోడలు కాదు, ఆ చర్చి కింద ఉన్న కుటుంబాలు. వాళ్లు కదిలిపోయాక ఇక్కడ పూజకు పని లేదు. బలిపీఠం, కిటికీ అద్దాలు, పైకప్పు అన్నీ పోయి గోడలు మాత్రం మిగిలాయి.

తెలుగువాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు. శ్రీశైలం వెనకజలాల్లో సంగమేశ్వరం గుడి ఏటా మునుగుతుంది, నీటిమట్టం తగ్గాక తేలుతుంది. అదే ముంపులో పోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపురంలో మళ్లీ కట్టారు. నాగార్జునకొండ కట్టడాల్లో కొన్నింటికీ అలాంటి అదృష్టం పట్టింది. రాతి గుడిని నంబర్లు వేసి విప్పవచ్చు. ఇటుక, సున్నం గోడను విప్పితే మిగిలేది ఇటుకల కుప్పే. పైగా అప్పటికి వంద ఏళ్లు దాటిన ఊరి చర్చిని వారసత్వ సంపదగా చూసే అలవాటు 1970లలో ప్రభుత్వానికి లేదు, నాకు తెలిసి చర్చి పెద్దలకూ పెద్దగా లేదు.

గోడలను తింటున్నది నీళ్లలో ఉండటం కంటే ఏటా తడిసి ఏటా ఎండటం. జూలై నుంచి అక్టోబరు దాకా నీళ్లు సున్నంలోకి ఇంకుతాయి, కొంత సున్నాన్ని కరిగించుకుపోతాయి. ఎండాకాలంలో లోపలి ఉప్పు గోడ మీదికి వచ్చి గడ్డకట్టి పూతను పొరలుగా ఊడగొడుతుంది. పైకప్పు లేదు కాబట్టి వాన నేరుగా గోడ తలలోకి దిగుతుంది. ఎత్తైన గోడలను పట్టి ఉంచే అడ్డకట్లు కూడా కప్పుతోపాటే పోయాయి. ఒక కమాను కూలితే పక్క కమానుకు ఆసరా పోతుంది.

జలాశయం మట్టాన్ని తగ్గించే మాట ఎవరూ ఎత్తరు. హాసన్, తుమకూరు, మండ్య జిల్లాల పొలాలు ఆ నీళ్ల మీదే ఉన్నాయి. చేయగలిగింది చిన్నదే: నీళ్లు దిగిన నెలల్లో గోడ తలలకు సున్నంతో కప్పు వేయడం, ఊగుతున్న కమానులకు ఆసరా పెట్టడం, గోడలెక్కి ఫోటోలు దిగేవాళ్లను ఆపడం. సిమెంటు పూస్తే మాత్రం లోపలి తడి బయటికి రాలేక ఇటుక ఇంకా తొందరగా పొడి అయిపోతుంది.